పక్కన ఎవరూ లేని గెలాక్సీ

నేను తెలుగు పండితుణ్ణి. పెనుకొండలో ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు పద్యాలూ వ్యాకరణమూ చెబుతాను. కాపురం ధర్మవరంలో. రోజూ రైల్లోనో బస్సులోనో వచ్చిపోతుంటాను. సైన్సుతో నాకున్న సంబంధం పదో తరగతితోనే తెగిపోయింది. అట్లాంటివాణ్ణి దాదాపు ఏడాది పాటు గెలాక్సీల మధ్య ఇరుక్కుపోయాను. అందులోంచి పూర్తిగా బయటపడ్డానని ఇప్పటికీ చెప్పలేను.

మా చుట్టుపక్కల బళ్ళలో పనిచేసే టీచర్లు కొందరు కలిసి పిల్లల కోసం ఆకాశం గురించి ఒక చిన్న పుస్తకం వేద్దామనుకున్నారు. ఇంగ్లీషు వ్యాసాలు కొన్ని సంపాదించి, తెలుగు చేయమని తలా ఒకటి పంచారు. నా వంతుకు నాలుగు పేజీల వ్యాసం వచ్చింది. రెండు గెలాక్సీలు ఒకదాని పక్కనుంచి ఒకటి పోయేటప్పుడు, ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల వాటిలోని గ్యాస్ ఎట్లా చెదిరిపోతుందన్నది అందులోని విషయం.

"నాకు సైన్సు రాదు కదా సార్," అన్నాను మా హెడ్మాస్టరుతో.

"తెలుగు వచ్చు కదా. చాలు," అన్నాడాయన.

నేనూ చాలనే అనుకున్నాను. డిక్షనరీ ముందు పెట్టుకొని రెండు ఆదివారాల్లో పూర్తి చేశాను. బాగా వచ్చిందనే నమ్మకం ఉండింది. "రెండు మహా నక్షత్ర సమూహాలు భీకరంగా ఢీకొంటాయి. లక్షలాది నక్షత్రాలు ఒకదానికొకటి గుద్దుకొని పిండి పిండి అవుతాయి" అని మొదలుపెట్టాను. మా స్టాఫ్ రూములో చదివితే అందరూ మెచ్చుకున్నారు. ఒక్క లెక్కల టీచరు మాత్రం, "ఎందుకైనా మంచిది, హిందూపురంలో ఒక మేడమ్ ఉన్నారు, ఒకసారి చూపించండి" అని అడ్రసు రాసిచ్చాడు.

ఆ మేడమ్ హిందూపురంలో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఒంటరి మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటారు. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి జారిపోయి, ఎదుటివాడి ముఖం చూసి మళ్ళీ తెలుగులోకి వస్తారు. ఒక శనివారం మధ్యాహ్నం వెళ్ళి నా కాగితాలు చేతికిచ్చాను. మొదటి పేజీ చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఏమప్పా, ఇంగ్లీషులో ఢీకొంటాయని యాడుండాది?"

చూపించాను. ఆ మాట అక్కడ ఉంది.

"మాట ఉండాది సరే. కిందికి చదివినావా? నక్షత్రాలు గుద్దుకోవు అని కూడా రాసినాడు కదా."

చదివాను. రాసినాడు. అయితే ఢీకొని గుద్దుకోకపోవడమేమిటో అర్థంకాక, ఆ వాక్యం ఏదో అచ్చుతప్పనుకొని వదిలేశాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

మేడమ్ లోపలికి పోయి ఒక కొర్రగింజ తెచ్చి నా అరచేతిలో పెట్టారు. "ఇది సూర్యుడనుకో. ఇది హిందూపురంలో ఉంటే, దీని పక్క నక్షత్రం యాడుంటాది చెప్పు."

"బజారు చివర?"

"ధర్మవరంలో. కాస్త అటూ ఇటూ."

నేను ఆ గింజ వైపు చూస్తూ ఉండిపోయాను. పొద్దున ధర్మవరంలో బయలుదేరి, పెనుకొండ మీదుగా ఇంత దూరం వచ్చినవాణ్ణి నేనే. ఆ దూరమంతా ఖాళీ అంటే నా బుర్రకెక్కడం లేదు.

"ఇట్లాంటి గింజలు కోటానుకోట్లు ఇంతింత దూరంలో పోతా ఉంటే, అట్లాంటిదే ఇంకో గుంపు వాటి మధ్యలోంచి పోయిందనుకో. ఏ గింజైనా ఏ గింజకైనా తగులుతుందా?"

"తగలదు."

"మరి పిండి పిండి ఎట్లా చేసినావప్పా?"

ఆ పేజీ కొట్టేశారు. నేను తిరిగి రైలెక్కాను.

మళ్ళీ రాద్దామని కూర్చుంటే కొత్త అనుమానం పుట్టింది. అంత ఖాళీ ఉంటే గ్యాస్ మాత్రం ఎందుకు చెదరాలి? అది గింజ కంటే పలచన కదా, ఇంకా సులభంగా దాటిపోవాలి కదా. ఆ తర్వాతి శనివారం అదే అడిగాను.

"పలచనే. మనమిక్కడ గాలంతా తీసేసిన సీసాలో మిగిలేదానికంటే కూడా పలచన," అన్నారు మేడమ్. "కానీ నక్షత్రం మాదిరి ఒకచోట ముద్దగా ఉండదు. పరుచుకొని ఉంటాది. మబ్బు మీదికి మబ్బు వస్తే తప్పుకునేదానికి సందేది? గుద్దుకుంటాయి, వేడెక్కుతాయి, నలుగుతాయి. గుద్దుకునేది గ్యాసే. అయితే గుద్దుకోకుండా దూరంగా పోయినా గ్యాస్ చెదురుతుంది. అది ఇంకో సంగతి."

ఆ ఇంకో సంగతి దగ్గర నేను నెలన్నర తిరిగాను. వ్యాసంలో ఏముందంటే, గెలాక్సీలో హైడ్రోజన్ గ్యాస్ నక్షత్రాలకంటే చాలా దూరం వరకు, అంచులు దాటి పరుచుకొని ఉంటుంది. అంచున ఉన్నదాని మీద సొంత గెలాక్సీకి పట్టు తక్కువ. పక్కనుంచి ఇంకో గెలాక్సీ పోతే ముందు కదిలేది అదే. సాగి తోకలాగా వస్తుంది. అంతవరకు నాకు బాగానే ఉంది. కానీ తోకలు రెండు వస్తాయట. ఒకటి ఆ పోయే గెలాక్సీ వైపు, ఇంకోటి దానికి సరిగ్గా అవతలి వైపు. లాగేది ఇటుపక్క ఉంటే అటుపక్క తోకెందుకొస్తుంది?

మేడమ్ టేబులు మీద మూడు నిమ్మకాయలు వరసగా పెట్టి, కొంచెం దూరంలో ఒక లోటా పెట్టారు. "లోటా పక్కనుంచి పోయే గెలాక్సీ. నిమ్మకాయలు మన గెలాక్సీ. దగ్గరున్నదాన్ని ఎక్కువ లాగుతుంది." మొదటి కాయను లోటా వైపు నాలుగు వేళ్ళ మేర జరిపారు. "మధ్యదాన్ని తక్కువ." రెండు వేళ్ళు జరిపారు. "చివరిదాన్ని ఇంకా తక్కువ." ఒక వేలు. "ఇప్పుడు మధ్యకాయ మీద కూర్చొని చూడు. ముందున్నది ముందుకు పోయింది. వెనకున్నది వెనకబడింది. రెండు పక్కలా సాగినట్లే కదా?"

ఆ క్షణంలో నాకు అద్దంలో చూసినంత స్పష్టంగా అర్థమైంది. నోట్‌బుక్కులో నిమ్మకాయలు గీసుకున్నాను. రైలు పెనుకొండ దాటేసరికి మళ్ళీ పోయింది. మూడు కాయలూ లోటా వైపే కదిలాయి కదా, ఏదీ అటు పోలేదు కదా అని మొదలైంది. ఇంట్లో అన్నం తింటూ చేత్తో గాలిలో కాయలు జరుపుతుంటే నా భార్య చూసి, "ఏమైందీ పొద్దు, ఎవరికో సైగ చేస్తాండావు?" అనింది. ఆమెకు చెప్పబోయి ఇద్దరమూ గందరగోళపడ్డాం. "వెనకబడినోడు అటు పోయినట్లెట్లా?" అని ఆమె అడిగింది. నా ప్రశ్నే ఆమె నోట్లోంచి వినేసరికి కాస్త ధైర్యం వచ్చింది.

ఇట్లా అయిదారు శనివారాలు గడిచాయి. "నాశనం" అని నేను రాసినచోట మేడమ్ కొట్టేసి, లోపలికి జారిన గ్యాస్ నడిమధ్యలో గుమికూడితే కొత్త నక్షత్రాలు పుడతాయి కదా, నాశనమెట్లా అన్నారు. సరే, "శుభపరిణామం" అని రాస్తే అదీ కొట్టేశారు. "శుభం కాదు, అశుభం కాదు. జరిగింది రాయి." రేడియో టెలిస్కోపు హైడ్రోజన్ని పగలు కూడా చూడగలదని చెప్పినప్పుడు, "సూర్యుడు అడ్డు రాడా?" అని మూడుసార్లు అడిగాను. ఒక కామా తప్పుంటే ఆమె పేజీ మొత్తం మళ్ళీ చదివించేవారు.

అట్లాంటి మనిషి చివరి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయారు. ఆ వాక్యాన్ని నేను ఇట్లా తెలుగు చేశాను: "పక్కన ఏ గెలాక్సీ కనిపించకపోయినా, కొన్ని గెలాక్సీలలో హైడ్రోజన్ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది."

"ఇది తీసెయ్," అన్నారు.

"తప్పుందా మేడమ్?"

"తీసేయమంటాండా కదా."

"ఇంగ్లీషులో ఉంది. కారణమేమిటో మాత్రం రాయలేదు. మీరు చెబితే..."

"గొత్తిల్ల," అన్నారు. కన్నడంలో తెలియదని. లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డారు. నేను కాగితాలు సర్దుకున్నాను. వెళ్ళొస్తానంటే తల ఊపారు.

నేనేం తప్పు చేశానో తెలియలేదు. ఏ మాట వదిలినా ఊరుకోని మనిషి, ఒక వాక్యం మొత్తం ఎందుకు తీసేయమన్నారు? మరుసటి శనివారం పోతే తలుపుకు తాళం. పక్కింటావిడ, "బెంగుళూరులో చెల్లెలింటికి పోయినారు, ఎప్పుడొస్తారో చెప్పలేదు" అనింది. ఫోను చేస్తే ఎత్తలేదు. హెడ్మాస్టరు పేజీలు ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు. ఆ వాక్యం కొట్టేసి చూశాను, మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను.

మూడు వారాల తర్వాత మేడమే ఫోను చేసి రమ్మన్నారు. వెళ్ళేసరికి కాఫీ కలిపి పెట్టారు. కూర్చోగానే, నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

"చిన్న వయసులో నేను పరిశోధన చేసినా. ఉత్తరాదిన. ఈ గ్యాస్ మీదే. ఒక గెలాక్సీ ఇచ్చినారు. దాంట్లో హైడ్రోజన్ యాడెంత ఉండాదో పటం గీయాల. గీసినా. ఎడమ పక్క పొడుగ్గా, ఎక్కువగా వచ్చింది. కుడి పక్క కురచ. పక్కన ఇంకో గెలాక్సీ ఉంటే సరే, అది లాగిందనుకుంటాం. ఎంత వెతికినా పక్కన ఏమీ లేదు."

"మరి?"

"మా గైడు, తప్పు నీ లెక్కలో ఉంటాది, మళ్ళీ చూడు అన్నాడు. మళ్ళీ చేసినా. మళ్ళీ అదే. యంత్రంలో తప్పేమోనని చూసినా. లేదు. మూడేండ్లు అదే పనప్పా. కడాన నాకే అనిపించింది, నా తప్పు నాకు కనపడనంత తెలివితక్కువదాన్నేమోనని. వదిలేసి వచ్చేసినా. ఈడికొచ్చి ఉద్యోగంలో చేరినా. అందరికీ ఒంట్లో బాగలేక వచ్చినానని చెప్పినా."

కాఫీ గ్లాసు పట్టుకొని అట్లాగే కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆమెకు తెలియనిది లేదనుకున్నాను. నా నిమ్మకాయల గోల ముందు ఆమె ఎప్పుడూ విసుక్కోలేదెందుకో అప్పుడు కొంచెం తెలిసింది. అది కూడా సరిగ్గా తెలిసిందో లేదో.

"ఆ వాక్యం ఎవరో అంత సులభంగా రాసేసినాడు," అన్నారు చివరికి. "ఉంటుంది అని. మామూలు సంగతి మాదిరి."

ఇంటికొచ్చాక ఆ మాటే బుర్రలో తిరిగింది. మామూలు సంగతేనా? మేడమ్‌ను అడగకుండా ఒక పని చేశాను. ఇంటర్నెట్లో వెతికి, ఈ గ్యాస్ మీద పనిచేసే ఒక పరిశోధకుడి అడ్రసు పట్టుకొని ఈమెయిల్ రాశాను. నా ఇంగ్లీషులో ఎంత కష్టపడ్డా ఆరు వాక్యాలే వచ్చాయి. నేనొక తెలుగు టీచర్నని, పిల్లల పుస్తకం కోసమని చెప్పి, పక్కన ఎవరూ లేకుండా గ్యాస్ ఒక పక్కకు ఒరగడం నిజమేనా, నిజమైతే ఎందుకు అని అడిగాను. జవాబు రాదనుకున్నాను. నాలుగో రోజే వచ్చింది.

నిజమేనట. అట్లాంటివి చాలా ఉన్నాయట. ఎప్పుడో ఒక గెలాక్సీ దగ్గరగా వచ్చి పోయి ఉండొచ్చు, అది దూరమై కనబడకపోయినా గ్యాస్ చెదిరిన తీరు చాలాకాలం అట్లాగే మిగిలిపోవచ్చు. ఒక చిన్న గెలాక్సీ లోపల కలిసిపోయి ఉండొచ్చు. బయటినుంచి గ్యాస్ ఒకే పక్కన వచ్చి పడుతూ ఉండొచ్చు. కంటికి కనిపించని పదార్థమే ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు. ఏ గెలాక్సీకి ఏది కారణమన్నది ఇంకా వాదనలోనే ఉందని, తనకూ తెలియదని రాశాడు.

ప్రింటు తీసుకొని హిందూపురం పరుగెత్తాను. రైల్లో ఉన్నంతసేపూ ఆమె ఎంత సంతోషిస్తారోనని ఊహించుకున్నాను. మేడమ్ ఆ కాగితం ఒకసారి చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

"నిన్నెవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు మేడమ్. నేనే..."

"నా పేరు రాసినావా?"

"లేదు."

కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. "అంటే తప్పు నా లెక్కలో లేదేమో," అన్నారు మెల్లగా. అంతలోనే, "ఉన్నా ఉండొచ్చు. ఇట్లాంటివి ఉండాయని చెప్పినంత మాత్రాన నాది వాటిలో ఒకటని యాడుండాది?" అన్నారు. నా వైపు తిరిగారు. "లెక్క సరిగ్గానే ఉంటే నేను వచ్చేయాల్సిన పని లేదు. ఇప్పుడు నేనేమనుకోవాలప్పా?"

సంతోషం తెచ్చానో దుఃఖం తెచ్చానో నాకు తెలియలేదు. అడగకుండా ఒకరి జీవితంలో చేయి పెట్టానేమోనని భయమేసింది. క్షమించమన్నాను. ఆమె విన్నట్టు లేరు. లోపలికెళ్ళి బీరువా తీసిన చప్పుడైంది. ఒక పాత ఫైలుతో వచ్చారు.

పటం పసుపుపచ్చగా మారిపోయింది. చేత్తో గీసిన గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి. అవి నిజంగానే ఎడమ పక్కకు సాగి ఉన్నాయి. వెనకాల అంకెల కాగితాలు. "నా కండ్లకు ఈ అంకెలు ఆనవు. నువ్వు చదువు," అని కాలిక్యులేటరు తెచ్చుకున్నారు.

ఆ మధ్యాహ్నమంతా నేను చదివాను, ఆమె కూడారు. ఎడమ పక్క వరసలు, తర్వాత కుడి పక్క వరసలు. తెలుగు పద్యం తప్ప ఏదీ గట్టిగా చదవనివాణ్ణి, దశాంశాలు చదివి చదివి గొంతు ఎండిపోయింది. ఒకచోట ఆమె ఆపమన్నారు.

"మళ్ళీ చదువు. ముందరిది కూడా."

చదివాను. రెండు వరసలూ అచ్చు ఒకటే. ఎత్తి రాసేటప్పుడు ఒకే వరస రెండుసార్లు రాశారు. ఎడమ పక్కన. మళ్ళీ మళ్ళీ లెక్క చేసిందంతా ఈ కాగితాల మీదే.

మేడమ్ కాలిక్యులేటరు కింద పెట్టారు. గైడు చెప్పిందే నిజమైంది. "ఇంతేనా," అన్నారామె. చాలాసేపు ఆ రెండు వరసల మీద వేలు పెట్టుకొని కూర్చున్నారు. తర్వాత, "పూర్తిచేద్దాం. చదువు," అన్నారు.

ఒక వరస తీసేసి మొత్తం కూడాం. మొదట ఎడమ పక్క కుడిదానికి దాదాపు రెట్టింపు. ఇప్పుడు ఒకటిన్నర రెట్లు. తప్పు తీసేసినా అది ఒరిగే ఉంది.

"తప్పు ఉండింది," అన్నారు. "తప్పు లేకపోయినా వంకరే."

"అంటే మీరు చెప్పింది నిజమే కదా మేడమ్."

"మా గైడు చెప్పింది కూడా నిజమే కదప్పా."

ఆమె ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. ముఖం చూస్తే దారి తప్పి వేరే ఊర్లో బస్సు దిగినవాళ్ళ ముఖంలాగుంది. నాదీ అట్లాగే ఉండి ఉంటుంది. బయలుదేరేటప్పుడు వాకిలి దాకా వచ్చి, "ఆ వాక్యం తీసేయొద్దులే. దాని కింద ఇంకోటి రాయి. ఎందుకిట్లా ఉంటాయో ఇంకా పూర్తిగా తెలియదు అని రాయి," అన్నారు.

రాశాను. హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. "పిల్లల పుస్తకంలో తెలియదని రాస్తే ఎట్లా సార్? ఏదో ఒక కారణం రాయండి."

"నాలుగున్నాయి సార్. ఏది రాయమంటారు?"

ఆయన నలుగురినీ అడిగాడు. నలుగురూ నాలుగు చెప్పారు. చివరికి విసిగిపోయి అట్లాగే వదిలేశాడు. పుస్తకం ధర్మవరంలో అచ్చయింది. నేనే ప్రూఫులు చూసుకున్నాను. మొదటి ప్రతి హిందూపురం తీసుకెళ్ళి ఇస్తే, మేడమ్ నా వ్యాసం మొత్తం నిలబడే చదివి, ఒక కామా తప్పు చూపించారు.

ఆ తర్వాత ఆమే ఆ పరిశోధకుడికి ఉత్తరం రాశారట. పటం ఫోటో తీసి పంపారట. ఆయన ఆసక్తిగా జవాబిచ్చి, అది ఏ గెలాక్సీనో పట్టికలో దాని నంబరు చెప్పమని, ఇప్పటి మంచి పరికరాలతో తీసిన చిత్రాలు ఉంటే చూద్దామని అడిగాడట. ఈ సంగతి మొన్న ఫోనులో చెప్పారు.

"చెప్పినారా మేడమ్?"

"పటం మూలన రాసి పెట్టుకున్నా. మడత అంకె మీదనే పడి చెరిగిపోయింది. కడాన ఉండేది మూడో ఎనిమిదో తెలియడం లేదు."

"మీకు గుర్తులేదా?"

"మరిచిపోవాలనే కదప్పా ఇన్నేండ్లూ చూసినా. నంబరైతే నిజంగానే మరిచిపోయినట్లుండా."

ఆ రెండు నంబర్లకూ గెలాక్సీలున్నాయట. ఒకదానికి పక్కన ఇంకో గెలాక్సీ ఉన్నట్టు కొత్త చిత్రంలో కనిపిస్తోందట. ఇంకోదానికి లేదట. ఆ చిత్రాల్లో నక్షత్రాలే తప్ప గ్యాస్ పటం లేదు కాబట్టి, తనది ఏదో ఆమెకు తేలడం లేదు. పటం ఫోటో నాకూ పంపారు, చేతిరాత నువ్వు బాగా గుర్తుపడతావు కదా, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేవాడివి కదా అని. బడిలో, వెలుగు బాగా ఉన్నచోట నిలబడి, పెద్దది చేసి చూశాను. ఒకసారి మూడులా ఉంది. ఫోను కొంచెం తిప్పితే ఎనిమిదిలా ఉంది. ఆ మాటే ఆమెకు రాశాను.